ర్యాలీ కారులో ఎడమ సీటు

ఆ కారుకు వెనక సీటు లేదు. ముందు రెండే సీట్లు, వాటి చుట్టూ ఇనుప గొట్టాలతో కట్టిన పంజరం. కుడి సీటు నడిపేవాడిది. ఎడమ సీటు చదివేవాడిది. ర్యాలీకి పోయినప్పుడు దారి చెప్పే పుస్తకం ఒకటి ఇస్తారట. నడిపేవాడు రోడ్డు మీంచి కన్ను తీయకూడదు కాబట్టి పక్కనున్న మనిషి అది చూసి పైకి చదువుతూ పోవాలట. కారు కొన్న సారు మూసాపేటలోని మా షెడ్డులో నిలబడి ఈ సంగతి చెబుతున్నప్పుడు నేను పక్కనే కూర్చుని డబ్బాలో బోల్టులు కడుగుతున్నాను. చదవడానికంటూ ఒక సీటు ఉంటుందని నాకు అంతవరకు తెలియదు. అప్పటికి నాకు అక్షరాలు వచ్చి ఏడాది కూడా కాలేదు.

ఆ సీటు నాకు కావాలనిపించింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే మొదట నవ్వేది మా ఆయనే.

మా ఆయన కార్ల మెకానిక్కు. నేను ఆయన వెంట ఇరవై ఏళ్లుగా షెడ్డులోనే ఉన్నాను. ఆయన విప్పిన సామాను విప్పిన వరసలోనే గుడ్డ మీద పేర్చడం, కడగడం, తిరిగి అదే వరసలో అందించడం నా పని. ఆయన ఏడో తరగతి పాసయ్యాడు. ఆ సంగతి వారానికి ఒకసారైనా మా ఇంట్లో ఏదో ఒక సందర్భంలో వచ్చేది. నేను వేలిముద్ర మనిషిని. రేషన్ దుకాణంలో వేలిముద్ర, బ్యాంకులో వేలిముద్ర.

నలభై దాటాక ప్రగతి నగర్‌లో మా ఇంటి దగ్గరి హాలులో మధ్యాహ్నం పూట పెద్దవాళ్లకు చదువు చెబుతున్నారంటే పోయాను. అక్షరాలు అక్కడ నేర్పారు. చదవడం మాత్రం బస్సులో నేర్చుకున్నాను. ప్రగతి నగర్ నుంచి మూసాపేటకు రోజూ పోతూ కిటికీలోంచి దుకాణాల బోర్డులు చదివేదాన్ని. మొదట్లో నిజాంపేట క్రాస్ రోడ్డు దగ్గర ‘కంటి’ అని మొదలుపెడితే, ‘ఆసుపత్రి’ అనే మాట పూర్తయ్యేలోగా బస్సు కూకట్‌పల్లి చేరేది. బోర్డు మన కోసం ఆగదు కదా. రాను రాను కన్ను పడగానే మాటను పట్టుకోవడం అలవాటైంది. ఒకచోట కూర్చుని పుస్తకం తెరిస్తే ఇప్పటికీ నాకు నిద్ర వస్తుంది.

కూడబలుక్కోకుండా చూడగానే చదవగలిగిన మొదటి మాట ‘ఆంధ్ర’. మెస్సుల మీద, పచ్చళ్ల దుకాణాల మీద, ఆఫీసుల మీద ఎక్కడ చూసినా అదే ఉండేది. ఒకరోజు పొద్దున బస్సులో పోతుంటే ఆ మాట ఉన్నచోటల్లా తారు పూసి ఉంది. తెలంగాణ కోసం ఊరూ వాడా రోడ్డెక్కిన రోజులవి. తారు పూసినవాళ్లలో మా ఆయన కూడా ఉన్నాడని ఆ సాయంత్రం ఆయన చొక్కా ఉతుకుతుంటే తెలిసింది. నేను పాఠం నేర్చుకోవడం, ఆయన దాన్ని చెరపడం ఒకే రోడ్డు మీద జరిగాయి.

సారుది అనంతపురం జిల్లా. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కేపీహెచ్‌బీలో అపార్ట్‌మెంటు. ర్యాలీ కారును కోయంబత్తూరులో ఎవరి దగ్గరో కొని లారీ మీద తెప్పించాడు. రెండే రెండు ర్యాలీలు ఆడిందని అమ్మినవాడు చెప్పాడట. కింద రాళ్లు తగలకుండా బిగించిన ఇనుప పలకను విప్పితే అందులో మట్టి పెళ్లలుగా గడ్డకట్టి ఉంది. గీరుతూ పోతే పైన ఎర్రమన్ను, దాని కింద నల్లరేగడి, ఇంకా కింద సముద్రపు ఇసుక వచ్చాయి.

“రెండు ర్యాలీలు కాదు సార్, దేశమంత తిరిగొచ్చింది,” అన్నాను.

సారు నవ్వాడు. నేను ఇంజన్ ఆయిలు మూత తీసి చూపించాక నవ్వడం ఆపాడు. ఆయిలు పాలెక్కువ పోసిన చాయ్ రంగులో ఉంది. అంటే లోపల నీళ్లు ఆయిలులో కలుస్తున్నాయి. ఇంజన్ పైభాగం, అంటే హెడ్డు విప్పాలి, దాని కింది గాస్కెట్ మార్చాలి, హెడ్డును లేతు మీద చదును చేయించాలి. తెలంగాణ సమ్మె వల్ల బాలానగర్‌లో లేతు షాపులు మూతబడి ఉన్నాయి.

“ఎప్పుడు తెరుస్తారప్పా?” అని సారు అడిగాడు.

“తెలంగాణ రాంగనే,” అన్నాడు మా ఆయన.

“అంటే నా ర్యాలీ అయిపోయినట్టే.”

“మీరు జర ఒప్పుకోన్రి సార్, రేపే వస్తది. హెడ్డూ వస్తది, రాష్ట్రమూ వస్తది.”

“రాష్ట్రం ఒకటిగా ఉంటే నీకేం నొప్పి మేస్త్రీ?”

“పది నంబర్ పాన ఇయ్యున్రి.”

వాళ్ల మాటలు రోజూ ఇట్లాగే సాగేవి. రాష్ట్రం గురించి ఒక్క మాట మీద కూడా కలవని ఆ ఇద్దరూ మూడు నెలలు ఒకే బానెట్టు కింద తలలు పెట్టుకుని పనిచేశారు. లేతు షాపువాడు సమ్మె చేస్తూనే వెనక తలుపు తీసి హెడ్డు చదును చేసిచ్చాడు. సారు ఆఫీసు అయ్యాక, సెలవు దొరికితే పొద్దుటి నుంచీ షెడ్డుకు వచ్చేవాడు. పని నేర్చుకుంటానని సైలెన్సర్ గొట్టం పట్టుకుని ఒకరోజు బొటనవేలు కాల్చుకున్నాడు. వాళ్ల ఆఫీసు తలుపు బొటనవేలు పెడితేనే తెరుచుకుంటుందట, హాజరు కూడా దానితోనేనట. వారం రోజులు తలుపు ఆయనను గుర్తుపట్టలేదు. రోజూ సెక్యూరిటీ వాడిని పిలిచి బతిమాలుకుని లోపలికి పోయేవాడు.

కారు బయటికి తీసేటప్పుడు ఎవరూ ఆపకుండా సారు వెనక అద్దానికి ‘జై తెలంగాణ’ స్టిక్కరు అతికించాడు. వాళ్ల అపార్ట్‌మెంటులో కోస్తా జిల్లాలవాళ్లు ఎక్కువ. అక్కడ కారు పెట్టేటప్పుడు మాత్రం కవరు వెనకవైపు ఇంకాస్త కిందికి లాగి కట్టేవాడు.

కారు మంచి జోరు మీదికి వచ్చింది. మా ఆయన దాని ఊపిరి అంతా సరిచేసి, ఎక్సలేటర్ మీద కాలు పెడితే చాలు ఎగిరేటట్టు తయారుచేశాడు. అప్పుడు పోటీ నిర్వాహకుల నుంచి నియమాల కాగితాలు వచ్చాయి. ఇంగ్లీషులో ఉన్నాయి. సారు ఆఖరి పేజీ తీసి సంతకం పెట్టాడు. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఏ కాగితాన్నైనా ‘ఒప్పుకుంటున్నాను’ అన్నచోటి నుంచే చూస్తారు. మా ఆయన కాగితాల మీద పాన పెట్టాడు. నాకు ఇంగ్లీషు రాదు. అంకెలు వచ్చు కాబట్టి అంకెలు చూసుకుంటూ పోయాను.

“సార్, ఇండ్ల నలభై అని శానసార్లున్నది. ఏందది?”

సారు చదివాడు. మళ్లీ చదివాడు. తర్వాత స్టూలు మీద కూర్చున్నాడు.

అది వేగంగా పోయేవాళ్ల పోటీ కాదు. గంటకు నలభై కిలోమీటర్లంటే నలభైయే పోవాలి. దారిలో ఎక్కడో చెప్పకుండా దాక్కుని గడియారం పట్టుకున్న మనుషులుంటారు. ఆలస్యంగా వస్తే మార్కులు పోతాయి, ముందుగా వస్తే రెట్టింపు పోతాయి.

“నలభైకి నా లూనా చాలు గదా సార్,” అన్నాడు మా ఆయన. ఆ పూట అన్నం తినలేదు.

అదే కాగితంలో ఇంకో నియమం ఉందని సారు చదివి చెప్పాడు. దారిలో రాస్తారోకో జరిగితే ఆగిన సమయాన్ని లెక్కలోంచి తీసేస్తారు. ఆగిన వేళ, కదిలిన వేళ పుస్తకంలో రాసి, ఆపినవాళ్ల సంతకం తీసుకురావాలి. ఆ రోజుల్లో హైదరాబాదులో పెళ్లి పత్రికల్లో తప్ప ప్రతి కాగితంలోనూ బంద్ గురించి ఒక వాక్యం ఉండేది.

వేగం పనికిరాదని తేలాక ఇక పోటీ అంతా ఎడమ సీటు మీదే పడింది. ఆ సీటు సారు స్నేహితుడిది. ఏలూరు దగ్గరివాడు, ఆరడుగుల మనిషి, అదే ఆఫీసు. సీటు ఆయన కాళ్లకు సరిపడేట్టు బాగా వెనక్కి బిగించి ఉంది. ప్రాక్టీసుకు బంద్ రోజు కుదిరింది. ఆ రోజు హైటెక్ సిటీ రోడ్ల మీద కుక్కలు కూడా రోడ్డు మధ్యలో పడుకున్నాయి. మా ఆయన పొద్దున కూకట్‌పల్లిలో దుకాణాలు మూయించి, పదింటికల్లా ఖాళీ రోడ్లు వాడుకోవడానికి వచ్చేశాడు.

స్నేహితుడు ప్రాక్టీసు పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పుస్తకంలో ప్రతి మలుపుకూ ఒక బొమ్మ ఉంటుంది. చుక్క ఉన్నచోటి నుంచి వస్తాం, బాణం ఉన్నవైపు పోతాం. పక్కన ఎన్ని కిలోమీటర్ల దగ్గర అన్నది అంకెల్లో ఉంటుంది. నేనూ మా ఆయనా ఫుట్‌పాత్ మీద నిలబడ్డాం. కారు రెండు చుట్లు తిరిగి వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. స్నేహితుడు పరుగెత్తి చెట్టు మొదట్లో వంగి కక్కుకున్నాడు.

“బాబోయ్, నా వల్ల కాదండి. రోడ్డు చూస్తే బానే ఉందండి. పుస్తకం చూస్తే కడుపులో తిప్పేస్తోందండి.”

మా ఆయన అంగీ సర్దుకున్నాడు. “నేను చూస్త. ఏడో తరగతి దాంక చదివిన, గీ బాణాలు చదవరావా?”

ఆయన ఒక చుట్టు కూడా పూర్తి చేయలేదు. అదే చెట్టు.

నేను నీళ్ల డబ్బా కింద పెట్టి కారు దగ్గరికి నడిచాను.

“ఏందే, నువ్వెక్కుతవా?” అన్నాడు మా ఆయన, మూతి తుడుచుకుంటూ. “బడికి పోయి ఏడాది గాలె. అప్పుడే సార్లకు దారి చెప్తవా?”

“కక్కుకున్నోళ్లు జర పక్కకు జరగున్రి.”

సారు నవ్వు ఆపుకుని, “కూర్చో అక్కా, సూద్దాం,” అన్నాడు.

సీటు చాలా వెనకుంది. నాకు రోడ్డు కనబడలేదు, ఆకాశం, అద్దాల మేడల పైఅంతస్తులు కనబడ్డాయి. అయినా పుస్తకం కనబడుతోంది, దూరం చూపే మీటరు కనబడుతోంది. బస్సు కిటికీలో బోర్డులు చదివినట్టే చదివాను. “ఎనిమిది వందల మీటర్లకు ఎడమ. రెండు వందలకు సీదా. గిప్పుడు కుడి.” అయిదు చుట్లు తిరిగాం. కడుపు తిప్పలేదు. ఆరో చుట్టులో సారు మలుపు గురించి నన్ను మళ్లీ అడగకుండానే నా మాట మీద తిప్పేశాడు. ఇంటికి పోయేటప్పుడు లూనా మీద మా ఆయన, “ఊకె ఒక్క రోజు ముచ్చట గదా, కానీ తియ్,” అన్నాడు. సీటు కొంచెం ముందుకు జరపమన్నాను. “ఒక్కరోజు కోసం సీటెందుకు విప్పుడు? దిండేసుకో,” అన్నాడు.

ర్యాలీ ఒక ఆదివారం జరిగింది. గచ్చిబౌలిలో ఒక ఆఫీసు మేడ ముందు పదకొండు కార్లు వరసగా నిలబడ్డాయి. నేను దిండు చంకన పెట్టుకుని పోయాను. పేర్లు రాసుకునే అమ్మాయి నా వెనక చూస్తూ, “నావిగేటర్ ఎక్కడున్నారు ఆంటీ?” అంది.

“నేనే.”

“ఓ... ఏం చేస్తుంటారు?”

“చదువుకుంటున్న.”

ఆ అమ్మాయి ‘స్టూడెంట్’ అని రాసింది.

బయలుదేరడానికి అరగంట ముందు పుస్తకం ఇచ్చారు. ఇంగ్లీషు మాటలు సారు చెబుతుంటే పక్కన పెన్సిలుతో తెలుగులో రాసుకున్నాను. గుడి ఎడమ. సెల్ టవర్ కుడి. ఇటుక బట్టీ. దారి శంకర్‌పల్లి వైపు. మొదటి గంట ఎంత బాగా పోయామంటే మా ఆయన కష్టపడి నింపిన జోరంతా కారు లోపలే గుర్రుమంటూ ఉండిపోయింది. సారు నలభై దాటబోతే నేను “సార్” అనేదాన్ని. ఆయన కాలు తీసేవాడు. మలుపు వచ్చినప్పుడల్లా దిండు నా కింది నుంచి జారిపోయేది.

ఒక ఊరి చౌరస్తాలో రోడ్డు మధ్య వంటావార్పు జరుగుతోంది. అంటే రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుని, అక్కడే తిని, బండ్లను ఆపేసే నిరసన. మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద గుండిగ, అందులో పప్పుచారు. మా ముందు రెండు ర్యాలీ కార్లు అప్పటికే ఆగి ఉన్నాయి. నేను గడియారం చూసి పది ఇరవై అని పుస్తకంలో రాశాను. సారు స్టీరింగు గట్టిగా పట్టుకుని, నోరు తెరవకుండా కూర్చున్నాడు. మాట్లాడితే యాస తెలిసిపోతుందని భయం.

వంట చేస్తున్నామె గంటె పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. నా ఈడుదే. “యాడికి బిడ్డా, గింత సప్పుడు జేసుకుంట?”

సారుకు నోరు తెరవక తప్పలేదు. “యాడికీ లేదక్కా. ఊరికే.”

“యాడికి అంటుండు, మనోడే,” అంది ఆమె వెనక్కి తిరిగి. “దింపి కూసోబెట్టున్రి, పాపం.”

సారు దిగాడు. ‘జై తెలంగాణ’ అనమంటే అందరికంటే గట్టిగా అన్నాడు. తర్వాత గంటె ఆయన చేతిలో పెట్టి చారు కలపమన్నారు. కలిపాడు. ఉప్పు తక్కువైందని కూడా చెప్పాడు. మేమిద్దరం ఇస్తరాకుల్లో అన్నం తిన్నాకే పొయ్యి పక్కకు జరిపారు. పదకొండు అయిదు అయింది.

ఇక సంతకాలు కావాలి. మా ముందు కారు అబ్బాయి రోడ్డు పక్క టీ కొట్టతనితో పెట్టించుకున్నాడు. ఆ టీ కొట్టతను వంటావార్పులో లేడు, చాయ్ అమ్ముకుంటున్నాడు. ఇంకో కారతను ఎవరినీ అడగలేదు. తన కారులోనే కూర్చుని, ఎడమచేత్తో, వేరే రంగు పెన్నుతో, తనే పెట్టుకున్నాడు.

నేను ఆలోచించాను. ఆపినవాళ్ల సంతకం అని కదా రాసుంది. మమ్మల్ని ఆపింది ఎవరు? పొయ్యి. పొయ్యి ఎవరిది? పుస్తకం పట్టుకుని వంటామె దగ్గరికి పోయాను.

“అక్కా, పది ఇరవై నుంచి పదకొండైదు దాంక నువ్వు మమ్మల్ని ఆపినవని ఇండ్ల రాసిన. సంతకం జెయ్యి.”

“సంతకం నాకేడిదే? గీ బొట్టనేలుంది.”

“అదే పెట్టు.”

ఆమె గుండిగ అడుగున వేలు రుద్దింది. మసి అంటిన బొటనవేలిని నేను రాసిన అంకెల కింద నొక్కి పెట్టింది. గీతలన్నీ శుభ్రంగా పడ్డాయి. నలభై ఏళ్లు నా సంతకం అదే. రేషన్ దుకాణంలో గానీ బ్యాంకులో గానీ చెల్లదని ఎవరూ అనలేదు. అది చెల్లదేమోనన్న అనుమానం కూడా నాకు రాలేదు.

మిగిలిన దారి కూడా తప్పకుండా చదివాను. గచ్చిబౌలి చేరేసరికి మా ఆయన లూనా మీద వచ్చి ఎదురుచూస్తున్నాడు. లాప్‌టాప్‌లు పెట్టుకుని కూర్చున్న నిర్వాహకుల్లో ఒకాయన మా పుస్తకం తిరగేసి, “ఇదేం మరక అండి?” అన్నాడు.

“మరక కాదప్పా, వేలిముద్ర,” అన్నాడు సారు.

“సిగ్నేచర్ ఉండాలండి. రూల్లో స్పష్టంగా ఉంది.”

“ఆమెకు రాయరాదు సార్,” అన్నాను.

“సారీ అండి. ఇది ఎవరిదైనా కావచ్చు కదా. ఎవరిదో మాకెలా తెలుస్తుంది?”

ఎడమచేత్తో పెట్టుకున్న సంతకం అప్పటికే లెక్కలోకి పోయింది. మా ఆయన నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

“సార్, ఒక్క మాట. పొద్దున్నే మీ ఆఫీసు దర్వాజ దేంతోని తెరుస్తరు?”

ఆయన మా ఆయనవైపు చూశాడు, తర్వాత తన చేతివైపు చూసుకున్నాడు. వెనక ఎవరో నవ్వారు.

“అది వేరండి,” అన్నాడు. “అది సిస్టమ్.”

నలభై అయిదు నిమిషాలూ మా లెక్కలోనే ఉండిపోయాయి. పదకొండు కార్లలో మాది పదకొండోది. ఆ ఆగిన సమయం తీసేసి ఉంటే మూడో స్థానం వచ్చేదని పేర్లు రాసిన అమ్మాయి జాలిగా చెప్పింది. తిరిగి వస్తూ కొత్తగూడ దగ్గర సారు, “ఆ టీ కొట్టతనితో పెట్టించుంటే అయిపోయేది కదక్కా,” అన్నాడు.

“మనల్ని ఆపింది ఆయన కాదు గదా సార్.”

ఆ రాత్రి దిండు మళ్లీ మంచం మీద వేసుకుంటూ, ఇక దానికి కారులో పని పడదనుకున్నాను.

రెండు వారాల తర్వాత సారు, ఆయన స్నేహితుడు కలిసి షెడ్డుకు వచ్చారు. స్నేహితుడి ముఖం వెలిగిపోతోంది.

“డాక్టరు గారు మాత్ర రాశారండి. వేసుకుని బస్సులో ఏలూరు దాకా పుస్తకం చదువుకుంటూ వెళ్లానండి, ఏమీ కాలేదు. వచ్చే నెల వికారాబాద్ ర్యాలీకి నేను రెడీ.”

సారు నావైపు చూసి, వెంటనే టైర్లవైపు చూశాడు. మా ఆయన ఇంకో కారు కింద పడుకుని ఉన్నాడు, కాళ్లు మాత్రమే కనబడుతున్నాయి. స్నేహితుడు ఉత్సాహంగా ర్యాలీ కారు తలుపు తీసి ఎడమ సీటులో కూర్చోబోయాడు. మోకాళ్లు డ్యాష్‌బోర్డుకు తగిలి ఆగిపోయాడు. ఇంకోసారి వంకరగా ప్రయత్నించాడు. తల ఇనుప గొట్టానికి తగిలింది. సీటు జానెడు ముందుకు, బెత్తెడు పైకి వచ్చి ఉంది.

“ఇదేంటండి, కొంచెం వెనక్కి జరపండి మేస్త్రి గారూ.”

“జరగది సార్,” అన్నాయి కాళ్లు. “వెల్డింగ్ పెట్టిన.”

“సీటుకు వెల్డింగా?” అన్నాడు సారు. “బోల్టులు ఉండాలి కదా మేస్త్రీ?”

“బోల్టులు దొరకలే.”

నేను అప్పుడు డబ్బాలో బోల్టులే కడుగుతున్నాను.